ఇత్తడి టోపీ మీద బొట్టు

ఐ.టి.ఐ. పాసై స్పానర్ పట్టుకోబోతున్న పిల్లలకు ముందుగా ఒక మాట. "యంత్రం అబద్ధం చెప్పదు" అని మీ మాస్టర్లు చెప్పే ఉంటారు. ఆ మాట నమ్మకండి. యంత్రానికి నోరే లేదు. నిజమైనా అబద్ధమైనా అది ఎలా చెబుతుంది? చెప్పేవాళ్లంతా దాని చుట్టూ నిలబడ్డ మనుషులే. వాళ్లు చెప్పింది వినకుండా యంత్రాన్ని బాగుచేయలేం. విన్నదంతా నమ్మినా బాగుచేయలేం. నా ఉద్యోగమంతా ఈ రెండింటి మధ్యనే గడిచింది.

రాజాంలో గది అద్దెకు తీసుకొని, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డీజిల్ ఎయిర్ కంప్రెసర్లకు సర్వీసు మెకానిక్‌గా పనిచేశాను. దేవుడు, దయ్యం, ముహూర్తం, దిష్టి వంటి వాటిలో ఒక్కదాన్నీ నేను నమ్మను. మా నాన్న నన్ను చిన్నప్పుడే విజయనగరం వాద సభలకు తీసుకుపోయేవాడు. అక్కడ వితంతు వివాహం మొదలుకొని వాస్తు దాకా దేని మీదైనా నిలబెట్టి అడిగేవారు. జవాబు చెప్పలేనివాడు కూర్చోవాలి. ఆ అలవాటు నాకు ఉద్యోగంలో పనికొచ్చింది, అప్పుడప్పుడు అడ్డం కూడా వచ్చింది. కొత్తవలస దగ్గర జరిగిన ఈ సంగతిలో రెండూ జరిగాయి.

ముందు యంత్రం సంగతి, అవసరమైనంత మేరకే.

ట్రాక్టరు వెనక తగిలించి లాక్కుపోయే పెద్ద రేకు పెట్టెను మీరు రోడ్ల పక్కన చూసే ఉంటారు. అందులో ఒక డీజిల్ ఇంజను, దానికి జోడించిన గాలి యూనిట్ ఉంటాయి. గాలిని పీల్చి, నొక్కి, ట్యాంకులో నింపుతుంది. అక్కణ్ణుంచి హోస్ పైపుల్లో జాక్‌హామర్లకు, అంటే రాయి తొలిచే సుత్తులకు గాలి పోతుంది. చిక్కెక్కడంటే, సుత్తులు ఎప్పుడూ ఒకే తీరుగా గాలి తాగవు. ఒకసారి అన్నీ నడుస్తాయి, ఒకసారి రెండే నడుస్తాయి, ఒకసారి అందరూ ఆపి బీడీ ముట్టిస్తారు. అప్పుడు కూడా ఇంజను అదే జోరుతో గాలి నింపుతూ ఉంటే ట్యాంకులో ఒత్తిడి హద్దు దాటుతుంది, డీజిలూ దండగ. అందుకని రెగ్యులేటర్ అని ఒక చిన్న పరికరం పెడతారు. ఒత్తిడి హద్దుకు చేరగానే అది తెరుచుకొని, కాస్త గాలిని ఒక సన్నని గొట్టంలోకి పంపుతుంది. ఆ గాలి వెళ్లి రెండు పనులు చేస్తుంది. పీల్చే తలుపును మూస్తుంది. ఇంజను లివర్‌ను వెనక్కి నెట్టి జోరు తగ్గిస్తుంది. అప్పుడు ఇంజను కునుకు తీస్తున్నట్టు మెల్లగా తిరుగుతుంది.

సుత్తులు మళ్లీ మొదలైతే ట్యాంకులో ఒత్తిడి పడిపోతుంది, రెగ్యులేటర్ మూసుకుంటుంది. కానీ సన్నగొట్టంలో చిక్కుకున్న గాలి బయటికి పోతే తప్ప పీల్చే తలుపు తెరుచుకోదు, ఇంజను లేవదు. ఆ గాలి పోవడానికి గుండుసూది మొనంత బెజ్జం ఒకటి ఉంటుంది. దుమ్ము పడకుండా దాని మీద రేగుపండంత ఇత్తడి టోపీ బిగిస్తారు. టోపీ ఒళ్లంతా కంటికి ఆనని సన్నని రంధ్రాలు. ఇంజను జోరు తగ్గినప్పుడల్లా ఆ టోపీలోంచి సన్నగా బుస వినిపిస్తుంది. చెవి దగ్గరపెడితే పసిబిడ్డ ఊపిరిలా ఉంటుంది. ఈ టోపీని మాత్రం గుర్తుపెట్టుకోండి, తక్కినదంతా మరిచిపోయినా ఫరవాలేదు.

హుద్‌హుద్ తుఫాను వెళ్లిన తర్వాతి ఏడు. కొత్తవలస దాటాక కిరండూల్ రైలు లైను పక్కన ఒక కొండ అంచు కోసి చదును చేసే పని జరుగుతోంది. ఆ పని చేయించేవాడు కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు. గోదావరి వైపు మనిషి, మర్యాదగా మాట్లాడతాడు, మర్యాదగానే మనుషుల్ని పంపించేస్తాడు. సుత్తుల ముఠాకు మేస్త్రీ మా రాజాం పక్క పల్లె రైతు. నాకు చుట్టం కాడు, కానీ ఊరి వరసలో నన్ను బావా అనేవాడు. కంప్రెసరు ఆపరేటరు భావనపాడు మనిషి, గంగపుత్రుల కుటుంబం. పడవ ఇంజనుతోనే పెరిగినవాడు. తుఫానులకు పడవ ముక్కలైపోయాక ఒడ్డుకొచ్చి ఈ డీజిల్ పెట్టె దగ్గర చేరాడు. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు.

ఒకనాడు మేస్త్రీ నుంచి ఫోను.

"బావా, నీ డబ్బా పొద్దున బానే ఉంటాది. టీ తాగొచ్చి సుత్తి పడితే ఇంజను నెగదు, జోరందుకోదు. మూలుగుతాది అంతే. సుత్తులు దోమ కుట్టినట్టు కుడతన్నాయి రాతిని."

"డీజిల్ ఫిల్టర్ మార్చారా?"

"రెండు మాట్లు మార్సినాం. మీ కంపెనీ కుర్రోడొకడొచ్చి రెగ్యులేటర్లో రబ్బరు కూడా మార్సీసినాడు. ఏటీ నాభం నేదు."

వస్తానని చెప్పి మరునాడు వెళ్లాను. వెళ్లేసరికి యంత్రం పెళ్లికొడుకులా మెరుస్తోంది. కంపెనీ మెకానిక్ వస్తున్నాడని ఆపరేటరు తెల్లవారకుండానే రేకు పెట్టె తలుపులన్నీ తీసి, బ్రష్షుతో డీజిల్ కొట్టి లోపలా బయటా కడిగి తుడిచిపెట్టాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. టీకి ఆగారు, ఇంజను దిగింది. సుత్తులు పట్టారు, ఇంజను లేచింది. ఒక్క తప్పూ లేదు. ఏమీ లేదని చెప్పి బస్సెక్కాను. ఆ మరునాడు శుక్రవారం. ఆ సాయంత్రమే మళ్లీ ఫోను.

"నిన్ను సూస్తే భయం బావా దానికి. నువ్వెల్లగానే మళ్లీ మొదలెట్టీసింది. ఇంక ఇది యంత్రం సంగతి కాదులే. ఆడి సెయ్యే మంచిది కాదు."

"ఎవడి చెయ్యి?"

"ఇంకెవడు, మీ భావనపాడోడిది. పడవెక్కితే పడవ పోనాది. ఈ డబ్బా పట్టుకున్నాడు, ఇదీ పోతన్నాది. పైగా అది సచ్చేది ఎప్పుడనుకున్నావు? రావుకాలంలో."

"సోమవారం రాహుకాలం పొద్దున్నే కదా. అప్పుడు ఆగిందా?"

"నేదు."

"మరి?"

"సోమవారం శివుడి రోజు కదేటి బావా!"

పిల్లలూ, ఈ జవాబును జాగ్రత్తగా చూడండి. ఎటు తిప్పినా ఓడిపోని జవాబు ఇది. యంత్రం ఆగితే రాహువు, ఆగకపోతే శివుడు. ఓడిపోవడానికి దారే లేని వాదంలో నిజం కూడా ఉండదు. ఇలాంటి జవాబులతో సభల్లో చాలాసార్లు తలపడ్డాను, గెలిచాను కూడా. అక్కడ ఓడినవాడు కూర్చుంటాడు, అంతే. ఇక్కడ ఓడబోయేవాడి కూడు పోతుంది.

ఎందుకంటే మేస్త్రీ చివర్లో ఇంకో మాట చెప్పాడు. సోమవారం నుంచి వేరే ఆపరేటరు వస్తున్నాడు. కాంట్రాక్టరు మాట ఇచ్చేశాడు. ఆ రోజుల్లో ఈ రెండు జిల్లాల్లో ఇలాంటి యంత్రాలు నడిపేవాళ్లంతా ఒకళ్లకొకళ్లు తెలుసు. కొత్తవలసలో "చెయ్యి మంచిది కాదు" అన్న మాట టెక్కలి రాతి క్వారీల్లోకి బస్సు కన్నా ముందు చేరుతుంది. పని రాదని పంపేస్తే మరోచోట పని నేర్చుకుంటాడు. తాగుతాడని పంపేస్తే మానేస్తాడు, కనీసం మానేశానని చెబుతాడు. చెయ్యి మంచిది కాదని పంపేస్తే ఏం చేస్తాడు? ఎక్కడ దిద్దుకుంటాడు?

ఈసారి చెప్పకుండా వెళ్లాను. రాత్రికి రాత్రే బస్సెక్కి, శనివారం పొద్దున పని మొదలయ్యే వేళకి చేరాను. ఆపరేటరు నన్ను చూసి కంగారుపడ్డాడు.

"సెప్పకుండా వచ్చినారేటి బాబూ? కడిగీసి ఉంచేవోణ్ణి గదా."

"కడగొద్దు. ఎలా ఉందో అలాగే ఉండనీ."

అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. ముఠాలో ఎనిమిది మంది. వాళ్లు అతనికి దూరంగా మసులుతున్నారని వచ్చిన కాసేపట్లోనే తెలిసింది. రాయి తొలిచే ఉలికడ్డీ అతను తెచ్చి ఇస్తే నేరుగా చేతిలోంచి అందుకోవడం లేదు. కింద పెట్టమంటున్నారు, అప్పుడు తీసుకుంటున్నారు. టీ కొట్టామె పొద్దున్నే అతను వస్తే "ఉండరా, ఇంకొకడు బోణీ సెయ్యనీ" అంటోంది. ఎవరూ తిట్టడం లేదు, కొట్టడం లేదు. దానికన్నా ఇది ఎక్కువ.

నేను మేస్త్రీని పిలిచాను.

"ఈ రోజు టీకి అందరూ ఒకేసారి వెళ్లకండి. ఇద్దరిద్దరు చొప్పున వెళ్లి రండి. ఎప్పుడూ నాలుగు సుత్తులైనా నడుస్తూ ఉండాలి."

"ఎందుకు బావా?"

"శనివారం రాహుకాలం తొమ్మిదికే కదా. అది దాటేదాకా నడిపి చూద్దాం."

టీ కొట్టామె వినేసింది. "ఒరే, ఇద్దరిద్దరొస్తే టీ సల్లారిపోతాది. మీ డబ్బా సంగతి నా పాలగిన్నె మీదికి తెస్తన్నారేట్రా?"

"ఒక్క పూట అక్కా," అన్నాను.

"ఒక్క పూటంటారు. రేపు నా సెయ్యి కూడా మంచిది కాదంటారు."

అందరూ నవ్వారు, ఆపరేటరు తప్ప.

రాహుకాలం వచ్చింది, పోయింది. ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. సుత్తులు ఎక్కువ తక్కువ అవుతున్నకొద్దీ కాస్త దిగుతూ, కాస్త లేస్తూ నడిచింది. మేస్త్రీ నా వైపు చూడటం మానేసి రాతివైపు చూడసాగాడు. అప్పుడు అన్నాను: "ఇప్పుడు అందరూ ఒక్కసారి ఆపండి."

ఎనిమిది సుత్తులూ ఆగాయి. ట్యాంకులో ఒత్తిడి పెరిగింది, ఇంజను దిగి మెల్లగా తిరగసాగింది. అంతా ఉండవలసినట్టే ఉంది, ఒక్కటి తప్ప. బుస వినిపించలేదు. కాసేపాగి సుత్తులు పట్టమన్నాను. ఇంజను లేవలేదు. ట్యాంకు మీద ఒత్తిడి చూపే ముల్లు పడిపోతూ వచ్చింది, సుత్తులు రాతి మీద గిలగిల్లాడాయి. రాహుకాలం ఎప్పుడో దాటిపోయింది. అందరూ ఒకేసారి టీకి పోవడమే దానికి జబ్బు.

తలుపు తీసి ఇత్తడి టోపీ చూశాను. అది ఇత్తడిలా లేదు. పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద రాతి దుమ్ము, మళ్లీ పసుపు. నువ్వుల నూనెతో కలిపి పెట్టిన పసుపు దుమ్ము పట్టి గట్టిపడి, పెచ్చుకట్టి ఉంది. గోరుతో గీస్తే ఊడలేదు. గాలి ఎక్కడో కొంచెం కొంచెంగా కారుతోంది కాబట్టి చాలాసేపటికి ఇంజను లేస్తుంది. రెండు సుత్తులే ఆగితే సన్నగొట్టంలోకి వచ్చేది కాస్త గాలే కనుక అది ఆ కారడంతోనే పోతుంది. రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున్నకి బాగుంటుంది. డీజిల్‌తో కడిగితే కొన్ని రంధ్రాలు తెరుచుకుంటాయి. మెకానిక్ వస్తే చాలు, కడుగుతారు. మెకానిక్ వెళ్లిపోతే శుక్రవారం వస్తుంది.

ఆపరేటరు నా భుజం మీదుగా చూస్తున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"అది నానే పెట్టినాను బాబూ."

"ఇక్కడే ఎందుకు?"

"అది ఊపిరి తీసే సోటు గదా. మా పడవ ఇంజనుకి కూడా గాలి పీల్సే కాడే పెడతాం బొట్టు. ఊపిరి ఉన్న సోటే గంగమ్మ ఉంటాది అనేవోడు మా అయ్య." టోపీ వైపు వేలు చూపించాడు. "ముందు శుక్రారం శుక్రారం పెట్టీవోణ్ణి. మిషను ఆగిపోతన్నాదని ఈళ్లు నన్ను అంటన్న కాడ్నించి, మంగళారం కూడా పెడతన్నాను. నిన్న గట్టిగా పెట్టినాను."

అతన్ని నిందించినకొద్దీ బొట్టు దళసరి అయింది. బొట్టు దళసరి అయినకొద్దీ యంత్రం ఆగింది. యంత్రం ఆగినకొద్దీ నింద పెరిగింది. సభలో అయితే ఈ ముక్క చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. మూఢనమ్మకం యంత్రం ముక్కు మూసేసిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు జన్మలో దొరకదు. టోపీ విప్పి చేతిలో పట్టుకున్నాను. వెనక ముఠా అంతా వస్తున్న అలికిడి. అప్పుడు తట్టింది: ఇది చూపించిన క్షణంలో ఈ మనిషి పని అయిపోతుంది. "యంత్రాన్ని ఆపింది ఇతని చెయ్యే" అంటారు. అందులో అబద్ధం కూడా లేదు.

దాచేద్దామా అనుకున్నాను. ఏదో వాల్వు పాడైందని చెప్పి కొత్త టోపీ బిగించి వెళ్లిపోవచ్చు. కానీ దాస్తే రాహువు గెలుస్తాడు. వచ్చే శుక్రవారం మళ్లీ పసుపు పడుతుంది, మళ్లీ ఇంజను ఆగుతుంది, అప్పుడు అతన్ని కాపాడటానికి ఇంకెవరూ ఉండరు. నిజం చెబితే సోమవారం పోతాడు, దాస్తే ఇంకో సోమవారం పోతాడు. తేడా అంతే.

ఈలోగా కాంట్రాక్టరు జీపు వచ్చింది. దిగుతూనే అడిగాడు.

"ఏవండీ, తేలిందా?"

నేను ఆపరేటరు వైపు చూశాను. చెప్పండి అన్నట్టు తల ఊపాడు. టోపీ చూపించి అంతా చెప్పాను. ఊదమని మేస్త్రీ నోటికి ఇచ్చాను. బుగ్గలు పూరీల్లా ఉబ్బాయి గానీ గాలి దూరలేదు. కొత్తది ఇచ్చాను, దూరింది. కొత్తది బిగించి, ఆపరేటరునే నడపమని, అందరూ ఒక్కసారి ఆపి మళ్లీ పట్టమన్నాను. ఇంజను దిగింది, బుస వినిపించింది, సుత్తి పట్టగానే లేచింది.

కాంట్రాక్టరు నవ్వాడు. "బాగుందండీ. అంటే చివరికి ఈ మనిషి చెయ్యే కదా పాడుచేసింది. మేమూ అదే అంటున్నాం."

"కాదండీ. చెయ్యి మంచిది కాదు అంటే అది పుట్టుకతో వచ్చింది, దానికి మందు లేదు. తప్పు పని చేశాడు అంటే రేపు మానేస్తాడు. మీరనే మాటకు మనిషిని పంపేయడం తప్ప దారి లేదు. నేననే మాటకు గుడ్డముక్క, కాస్త డీజిల్ చాలు."

"మీ మాటలు బాగున్నాయి. కానీ నేను ఇంకొకరికి మాటిచ్చేశాను. సోమవారం కొత్త మనిషి వస్తాడు."

నేను ఇంకేదో అనబోతున్నాను. నా దగ్గర ఇంకా చాలా వాదాలున్నాయి. అప్పుడు ఆపరేటరు అన్నాడు:

"బాబూ, కొత్తోడొస్తే ఆడూ బొట్టు పెడతాడు. ఆడు పెట్టకపోతే ఈళ్లే పెట్టిస్తారు. నాకు గట్టిగా పెట్టమని సెప్పింది ఎవులనుకున్నారు?"

కాంట్రాక్టరు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ చెప్పులకేసి చూసుకున్నాడు.

"కొత్తోడికి అది పెట్టకూడదని తెలీదు. నాకు ఇప్పుడు తెలుసు," అన్నాడు ఆపరేటరు.

కాంట్రాక్టరు కాసేపు జీపు తాళాలు ఆడించాడు. "సరే. వచ్చే శుక్రవారం నేనుంటాను. టీ తర్వాత ఇంజను లేస్తే ఉంటావు. లేవకపోతే నాతో ఇంకేం మాట్లాడొద్దు."

శుక్రవారం నాకు అక్కడ పని లేదు. వెళ్లాను. రాజాంలో తెల్లవారు బస్సెక్కి, విజయనగరంలో మారి, కొత్తవలసలో దిగేసరికి ఎండ ముదిరింది. కొండ దగ్గర సుత్తుల చప్పుడు లేదు. ఎనిమిది సుత్తులూ నేల మీద ఉన్నాయి. ముఠా అంతా కంప్రెసరు ముందు గుమిగూడి ఉంది. పళ్లెంలో కొబ్బరికాయ, కర్పూరం, పసుపు, కుంకుమ. ఆపరేటరు తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. కాంట్రాక్టరు జీపులోంచి దిగలేదు.

"తలుపు తియ్యమను బావా," అన్నాడు మేస్త్రీ. "బొట్టు నేకుండా సుత్తి ముట్టం."

"వారం రోజులుగా బాగానే నడిచింది కదా. బొట్టు వల్లే ఆగిందని మీరే చూశారు కదా."

"మిషను కోసం కాదు."

"మరెందుకు?"

మేస్త్రీ వెనక్కి తిరిగి ముఠాను చూశాడు. ముఠాలో ఒకడు, చెవి దగ్గర పాత గాటున్నవాడు చెప్పాడు. "నిరుడు మా తమ్ముడికి కన్ను పోనాది బాబూ. రాయి సితికి కంట్లో పడింది. ఆ రోజు శుక్రారమే. తొందరగా పని ముగిద్దామని బొట్టు పెట్టనేదు."

నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. శుక్రవారాల్లో బొట్టు పెట్టిన రోజులు ఎన్ని, దెబ్బలు తగిలిన రోజులు ఎన్ని, లెక్క కడదాం రండి అనే జవాబు. అనలేదు. ఎనిమిది మంది కళ్లూ చూశాను. ఒక్కడికీ కళ్లద్దాలు లేవు. తలకు తువ్వాళ్లు, కంటికి ఏమీ లేవు. గాలి సుత్తి రాతిని తొలిచేటప్పుడు చిప్పలు ఎలా ఎగురుతాయో మీలో కొందరు చూసే ఉంటారు. వీళ్ల భయం యంత్రానికి సంబంధించింది కానే కాదు, రాతికి సంబంధించింది, నిజమైన భయం. కళ్లద్దాలు ఎవరో ఇవ్వాలి, అడగాలి, అడిగితే పని పోతుందేమోనని చూసుకోవాలి. కుంకుమకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేదవాడి మూఢనమ్మకాన్ని వెక్కిరించేవాళ్లు, నాతో సహా, ఈ ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చేతికి అందని రక్షణ స్థానంలో చేతికి అందిన రక్షణ పెట్టుకుంటాడు మనిషి.

అటు ఆపరేటరు. తలుపు తీస్తే పసుపు పడుతుంది, టీ తర్వాత ఇంజను లేవదు, అతను పోతాడు. తియ్యకపోతే సుత్తులు లేవవు, అరిష్టం తెచ్చాడన్న పేరు రెండింతలవుతుంది, అప్పుడూ పోతాడు. నేను వాదం గెలిచేలోపు అతను ఓడిపోతాడు.

కంప్రెసరు ముందుకు నడిచి, ట్రాక్టరుకు తగిలించే ఇనప కడ్డీ మీద చెయ్యి వేశాను.

"ఇక్కడ పెట్టండి," అన్నాను. "ఎంత పెట్టినా ఇక్కడ దేనికీ అడ్డం రాదు."

అవును, నేనే చూపించాను. పసుపు ఎక్కడ పుయ్యాలో చూపించిన నాస్తికుణ్ణి. తర్వాత ఒక సభలో నా మిత్రుడొకాయన నలుగురిలో నిలదీశాడు: "సూత్రం వదిలేశావట?" వదల్లేదని చెప్పాను. అక్కడ ఒక మనిషి బతుకు ఉంది, అది వాదంలో పందెం కాయడానికి నాది కాదు అన్నాను. సరిపోయే జవాబో కాదో మీరే తేల్చుకోండి. ఆ రోజు కూర్చోవలసి వచ్చింది మాత్రం నేనే.

మేస్త్రీ కడ్డీని చూశాడు, నన్ను చూశాడు. "నువ్వు సెప్తన్నావేటి బావా ఇది?" అని నవ్వేశాడు. కొబ్బరికాయ కొట్టారు. కడ్డీకి పసుపు పూశారు. మేస్త్రీ కుంకుమ పళ్లెం ఆపరేటరు ముందు పట్టాడు.

"నువ్వు పెట్టరా మావా. నిన్నే అన్నాం గదా అన్నీ. నువ్వే పెట్టు."

వారం రోజుల్లో ముఠా అతన్ని మావా అనడం అదే మొదలు. పెట్టేస్తాడనుకున్నాను. అతను కడ్డీ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఊపిరి తియ్యని సోట బొట్టెందుకు మావా? మీరు పెట్టుకోండి. నానేటీ అనను."

అని, తలుపు తీసి, జేబులోంచి గుడ్డముక్క తీసి, డీజిల్‌లో ముంచి ఇత్తడి టోపీ మెల్లగా తుడిచాడు. మేస్త్రీ తనే వేలితో కడ్డీ మీద బొట్టు పెట్టాడు. సుత్తులు లేచాయి.

నేను జీపు దగ్గరికి వెళ్లి కళ్లద్దాల సంగతి చెప్పాను. "చూద్దాం లెండి," అన్నాడు కాంట్రాక్టరు. ఆ తర్వాత మూడుసార్లు ఫోను చేసి అడిగాను. మూడోసారికి వచ్చాయి.

టీ వేళయింది. అందరూ ఒక్కసారే సుత్తులు దించారు. ఇంజను దిగింది. టీ తాగుతున్నంతసేపు అందరి కళ్లూ కంప్రెసరు మీదే ఉన్నాయి. టీ కొట్టామె కూడా గిన్నె తిప్పడం మానేసి ఇటే చూస్తోంది. చెవి దగ్గర గాటున్నవాడు ముందుగా లేచి సుత్తి పట్టాడు. రెండోవాడు పట్టాడు. ఇంజను అలాగే మెల్లగా తిరుగుతోంది. ఎవరో "ఓలమ్మో" అన్నారు. అంతలోనే బుస ఆగింది, లివర్ ముందుకు కదిలింది, ఇంజను గొంతు పెంచి లేచింది. ఎనిమిది సుత్తులూ రాతిని పట్టుకున్నాయి.

కాంట్రాక్టరు జీపులోనే కూర్చుని ఎవరికో ఫోను చేసి, రావక్కర్లేదని చెప్పి, వెళ్లిపోయాడు.

నేను బస్సుకు బయలుదేరుతూ కంప్రెసరు వెనక్కి వెళ్లాను. ఆపరేటరు తెరిచిన తలుపు ముందు గొంతుకూర్చుని, టోపీకి ఎదురుగా అరచెయ్యి పట్టి ఉన్నాడు. ఎవరో ఇద్దరు సుత్తులాపారు కాబోలు, ఇంజను కాస్త దిగింది, సన్నని గాలి అతని చేతిని తాకుతోంది. మళ్లీ పట్టారు, ఇంజను లేచింది. అతను చెయ్యి తీసేశాడు. ఇంజను లేచే ఉంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు.

"ఏం చూస్తున్నావు?" అని అడిగాను.

నా వైపు తిరిగాడు. అతను నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

"దీనికి నా సెయ్యి తెలీదు బాబూ," అన్నాడు. "మంచిదో సెడ్డదో, దీనికి అసలు తెలీనే తెలీదు."